బెజ్జం లేని సూది

మా ఆడపడుచును ఇంట్లో అందరూ బుల్లి అంటారు. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. నలభైకి దగ్గర పడింది. స్నానాల గది తలుపు దాటేటప్పుడు తల వంచుకుని వెళ్తుంది. అలాంటి మనిషిని బుల్లి అని పిలవడం మా అత్తగారింటి వాళ్లకే చెల్లింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్లయింది కనుక ఇప్పుడు నాకూ చెల్లింది.

బుల్లి డిజైనరు. ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయదు. మా ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద రెండు కంప్యూటరు తెరలు, కింద ఎప్పుడూ మూలిగే ఒక ప్రింటరు, అదే ఆమె ఆఫీసు. మందు సీసాల లేబుళ్లు, దుకాణాల బోర్డులు, సరుకుల కేటలాగులు చేస్తుంది. బంధువులెవరైనా ఏం చేస్తున్నావని అడిగితే, కంప్యూటర్లో బొమ్మలు వేస్తున్నానంటుంది. వాళ్లు జాలిగా చూసి, త్వరలోనే ఉద్యోగం కూడా దొరుకుతుందిలే అని ధైర్యం చెప్పి పోతారు. పెళ్లి సంగతి ఎత్తేవాళ్లకు మాత్రం ఆమె దగ్గర వేరే జవాబుంది. తనకు బకెట్ల ఆయన ఉన్నాడని, ఒక జన్మకు ఒక్కడు చాలని అంటుంది.

బకెట్ల ఆయన అంటే ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, టబ్బులు, స్టూళ్లు తయారుచేసే కంపెనీ యజమాని. పదకొండేళ్లుగా ఆయన కేటలాగులు, అట్టపెట్టెలు, కేలండర్లు అన్నీ బుల్లే చేస్తూ వచ్చింది. ఆమె చేతిలో ఉండే పనిలో సగం ఆయనదే. సగం పని ఆయనదైతే ముప్పాతిక తలనొప్పి కూడా ఆయనదే. ఆయన ఏదీ రాసి పంపడు. రాస్తే దొరికిపోతావని చిన్నప్పుడే ఎవరో చెప్పి ఉంటారు. అన్నీ ఫోనులో మాట్లాడి, రికార్డు చేసి పంపుతాడు. ఒక్కొక్కటి ఆరేడు నిమిషాలు. బుల్లి పళ్లు తోముకుంటూ దాన్ని స్పీకరులో పెట్టేది కనుక, పొద్దున్న మేం టీ తాగే వేళకు ఆయన గొంతు ఇల్లంతా తిరుగుతుండేది. ప్రతి సందేశమూ "అమ్మాయీ, ఒక్క చిన్న మార్పు" అని మొదలయ్యేది. విని విని, టీలో పంచదార తక్కువైతే మా ఆయన కూడా ఒక్క చిన్న మార్పు అనడం మొదలుపెట్టారు.

ఆ ఒక్క చిన్న మార్పు ఎలా ఉంటుందో వింటే తప్ప నమ్మలేం. ఒకసారి నీలం రంగు కొంచెం గర్వంగా ఉందన్నాడు. ఇంకోసారి మగ్గును చూస్తే మనసు నిండటం లేదన్నాడు. మగ్గు నిండితే చాలదా అని నేను వంటింట్లోంచి అడిగాను గానీ, అది ఆయనకు వినపడదు కదా. పైగా అవన్నీ ఆయన సొంత అభిప్రాయాలు కూడా కావు. ఇంట్లో భార్యకు చూపిస్తాడు, ఆఫీసులో అల్లుడికి చూపిస్తాడు, దారిలో డ్రైవరుకు చూపిస్తాడు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి డాక్టరుకు కూడా చూపించాడట. నోరు తెరుచుకుని ఉన్నాడు కనుక ఎదురు చెప్పలేకపోయాడు, ఆ డాక్టరు చెప్పిందే ఖాయమైంది. పదహారు పేజీల మొదటి కేటలాగు ఇరవై మూడుసార్లు మారింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారు. ఈయన ఈకలు పీకి, అసలు అవి ఎందుకు మొలిచాయని మళ్లీ బుల్లినే అడిగేవాడు.

రెండో ఏడు ఒక పొరపాటు జరిగింది. బుల్లి పంపిన కేటలాగులో తొమ్మిదో పేజీలో స్టూలు తలకిందులుగా పడింది. నాలుగు కాళ్లూ పైకి. పంపిన పావుగంటకు చూసుకుని నెత్తి కొట్టుకుంది. ఇంక ఈ జన్మకు ఆయన సణుగుడు ఆగదని ఇద్దరం అనుకున్నాం. అంతలో ఫోను మోగింది. ఆయన గొంతులో అంత ఆనందం మేం అంతకు ముందెప్పుడూ వినలేదు. లాటరీ తగిలినవాడు కూడా కొంచెం అణకువగా మాట్లాడతాడు. స్టూలు తలకిందులుగా ఉందని, తన కళ్ల నుంచి ఏదీ తప్పించుకోలేదని, ఆ ఒక్కటీ సరిచేసి వెంటనే ప్రింటుకు పంపమని చెప్పాడు. అంతే. నీలం గర్వం గురించి, మగ్గు మనసు గురించి ఒక్క మాట లేదు.

బుల్లి ఆ రోజంతా ఆ స్టూలు కేసి చూస్తూ కూర్చుంది. తర్వాతి పని నుంచి ప్రతిదాంట్లోనూ ఒక తప్పు తనే పెట్టడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని పట్టుకుంటాడు, మురిసిపోతాడు, మిగతాది ముట్టుకోకుండా వదిలేస్తాడు. పసిపిల్ల బుగ్గన నల్లచుక్క పెడితే చూసేవాళ్ల కళ్లు దాని మీదే పడతాయి కదా, అలాగన్నమాట. నేను దానికి దిష్టిచుక్క అని పేరు పెట్టాను. మా ఇంట్లో ఆ పేరే స్థిరపడింది. కేటలాగు అయిపోయిందా అని అడిగితే, కేటలాగు అయింది వదినా, దిష్టిచుక్కే ఇంకా కుదరలేదు అనేది.

మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. భోజనాల దగ్గర అందరం తలా ఒక తప్పు చెప్పేవాళ్లం. బకెట్టుకు రెండు పిడులు పెట్టమని మా ఆయన, వెలుతురు వచ్చే వైపుకే నీడ పడేలా చేయమని నేను. అయితే తప్పు చేయడం కూడా పనే అని తొందరలోనే తెలిసింది. మరీ కంటికి కొట్టేటట్టుంటే, ఇంత సులువుగా దొరికిందంటే లోపల ఇంకా ఎన్ని ఉన్నాయోనని ఆయనకు అనుమానం వచ్చేది. మరీ దాచి పెడితే, వెతికి వెతికి విసుగొచ్చి బాగున్నదాన్ని పాడుచేసేవాడు. కాబట్టి అటూ ఇటూ కాకుండా, సరిగ్గా పది నిమిషాల్లో దొరికేటట్టు ఉండాలి. దొరికాక, ఇది నేను తప్ప ఎవరూ పట్టుకోలేరు అని ఆయనకు అనిపించాలి. ఎనిమిదో ఏడు వచ్చేసరికి మా బుల్లి కేటలాగు రెండు రోజుల్లో చేసి, తప్పు చేయడానికి మూడు రోజులు తీసుకునేది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. మా ఇంట్లో ఆ రోకలిని చుట్టడానికి కొత్త కంప్యూటరు కూడా కొన్నాం.

ఆయన్ని వదిలేయమని నేను చాలాసార్లు చెప్పాను. మా ఆయన మాత్రం బకెట్ల ఆయన పక్షమే. ఈ రోజుల్లో ఇన్నేళ్లు ఒకే చోట పని ఇచ్చేవాడు ఎవడున్నాడు, పట్టుకున్నవాణ్ని వదలని మనిషి అనేవారు. జలగ కూడా వదలదని నేననేదాన్ని. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి నా వైపు చూసేవాళ్లు. ఒకే ముక్కు, ఒకే చూపు. బుల్లి మాత్రం చివరికి, ఈ ఒక్క కేటలాగు అవనీ వదినా, అనేది. ఆ ఒక్క కేటలాగు నాలుగేళ్లపాటు అవుతూనే వచ్చింది.

తర్వాత ఇంటి సామాన్ల ప్రదర్శన ఒకటి జరిగింది. బుల్లితో పాటు నేనూ వెళ్లాను. హాలు నిండా గిన్నెలు, గరిటెలు, కుర్చీలు. బకెట్ల ఆయన తన దుకాణం ముందు నిలబడి, వచ్చిన ప్రతివాడికీ బుల్లి చేసిన పెద్ద బొమ్మను చూపిస్తున్నాడు. పక్కనే ఫ్లాస్కుల కంపెనీ ఆవిడ ఉంది. ఆవిడ అంతకు ముందు వారమే బుల్లికి ఫోను చేసి, మా పెట్టెలన్నీ మీతోనే చేయిద్దామనుకుంటున్నామని చెప్పింది. బకెట్ల ఆయన ఆవిడకు బుల్లిని పరిచయం చేశాడు. మా ఇంటి పిల్ల లాంటిదన్నాడు. చేతిలో కళ ఉందన్నాడు. అక్కడితో ఆగితే ఆయన బకెట్ల ఆయన ఎందుకవుతాడు.

"ఒక్కటే లోపమండీ. ఎంత బాగా చేసినా ఎక్కడో ఒక తప్పు చేస్తుంది. పదకొండేళ్లుగా నేను పట్టుకుంటూనే ఉన్నా. పక్కన నాలాంటి కన్ను ఒకటుంటే సరిపోతుందంతే."

ఫ్లాస్కుల ఆవిడ నవ్వింది. నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి, ఇంకెవరినో చూసుకున్నామని మర్యాదగా చెప్పింది. బుల్లి సరేనండీ, పర్వాలేదండీ అని ఫోను పెట్టేసి, చాలాసేపు ప్రింటరులో కాగితాలు సర్దింది. అప్పటికే సర్ది ఉన్న కాగితాలు అవి. తను పెట్టిన తప్పులు ఆయన కేటలాగుల్లోంచి ఎప్పటికప్పుడు పోయాయి గానీ, తన పేరు మీద మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి. అది తెలిసి కూడా మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ ఆయన సందేశం వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను కుట్టుపని చేస్తాను. కొత్తవి కుట్టను, ఉన్నవి బాగుచేస్తాను. బిగుతైనవి వదులు చేయడం, జిప్పులు మార్చడం, చినిగినవి కనపడకుండా కలపడం. కొందరు ఒకే చొక్కాను మళ్లీ మళ్లీ తెస్తారు. ఇక్కడ విప్పమంటారు, అక్కడ కుట్టమంటారు. విప్పి కుట్టి, విప్పి కుట్టి, చివరికి సూది దిగడానికి అంచున బట్టే మిగలదు. అప్పుడు వాళ్లతో ఇంక దీన్ని వదిలేయండని చెప్పేస్తాను. బుల్లికి కూడా ఇదే చెప్పాను. చొక్కా నాది కాదు కదా వదినా, ఆయనది అంది. కాదు, ఇక్కడ చొక్కా నువ్వే అన్నాను. ఏదో గొప్ప మాట అన్నాననుకుని నేను మురిసిపోతుంటే, ఆమె తెర వైపు తిరిగి దిష్టిచుక్క వెతుక్కుంది.

ఆ ఏడే నేను ఇంట్లో కుట్టడం మానేసి చిన్న దుకాణం తీసుకున్నాను. ఫొటోకాపీలు తీసే కొట్టు పక్కన, ఒక్క మిషను, ఒక్క బల్ల, ఒక్క అద్దం పట్టే గది. చిన్నదే గానీ, పెళ్లయిన ఇన్నేళ్లకు నాకంటూ తాళంచెవి ఉన్న మొదటి గది. బోర్డు బుల్లి చేసిపెడతానంది. వారం రోజులు ఆ పని మీదే ఉంది. బకెట్ల ఆయనకు కూడా అంత శ్రద్ధగా చేయలేదు. ముదురు ఆకుపచ్చ బోర్డు, ఎడమ పక్కన పొడుగ్గా ఒక సూది, దాని దగ్గర నుంచి తెల్లదారం ఒకటి వంపులు తిరుగుతూ వెళ్లి, చివరికి దుకాణం పేరై నిలబడుతుంది. కాగితం మీద అచ్చు వేసి నా ముందు పెట్టింది. నేను ఒక్కసారే చూశాను. అద్భుతం, ఇంక ఒక్క గీత కూడా మార్చొద్దు అన్నాను. ఎవరైనా తన పనిని అంత త్వరగా ఒప్పుకోవడం అలవాటు లేక, ఆమె కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత మొహం ఎర్రబడేంత సంతోషంతో కాగితం తీసుకెళ్లి బోర్డులు రాసే ఆయనకు ఇచ్చింది.

దుకాణం తెరిచిన రోజు మొదట వచ్చింది ఎదురింటి రిటైరైన లెక్కల టీచరు గారు. చేతిలో జేబు చినిగిన ప్యాంటు. గుమ్మం దగ్గర ఆగి, తల ఎత్తి బోర్డు చూశారు. లెక్క తేలనట్టు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"బోర్డు చాలా బాగుందమ్మా. కానీ ఆ సూదికి దారం ఎక్కడ ఎక్కిస్తారు?"

నేను బయటికొచ్చి చూశాను. సూదికి బెజ్జం లేదు. పైనా లేదు, కిందా లేదు. దారం పక్కనే వచ్చి ఆగి, తలుపు వేసి ఉన్న ఇంటి ముందు చుట్టంలా నిలబడిపోయింది. ఇరవై ఏళ్లుగా చేతిలో సూది ఉన్న మనిషిని నేను. ఆ బొమ్మను నేను కాగితం మీద చూశాను, బోర్డు మీద చూశాను, పైకి ఎక్కిస్తుంటే కింద నిలబడి మేకులు అందించాను. బోర్డులు రాసిన ఆయన్ని అడిగితే, తనకు మొదటి రోజే కనిపించిందని, డిజైనరు గారు అలా పెట్టారంటే ఏదో అర్థం ఉంటుందని ఊరుకున్నానని చెప్పాడు. అంత నమ్మకం మా అందరికీ ఆమె మీద. తిలా పాపం తలా పిడికెడు. ఆ రోజు సాయంత్రం వరకు వచ్చిన వాళ్లలో ముగ్గురు బోర్డు చూసి నవ్వుకుంటూ లోపలికొచ్చారు. ఒకడు రాకుండానే పోయాడు. నా మొదటి గది మీద ఊరంతా నవ్వుతున్నట్టు అనిపించి, షట్టరు దించి లోపలే ఏడ్చాను.

ఇంటికి వెళ్లి బుల్లిని కడిగేశాను. బకెట్ల ఆయనకు ఆడే ఆటలు నా దగ్గర కూడా ఆడావా అని అడిగాను. నేను చూస్తానో లేదో పరీక్ష పెట్టావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాస్తే నా పరువే పోతుంది. తను అలాంటిదేమీ పెట్టలేదని, బెజ్జం గీసినట్టు గుర్తుందని అంది. కంప్యూటరు దగ్గర కూర్చుని బోర్డు బొమ్మ తెరిచింది. ఆమె గీసే బొమ్మలు పొరలు పొరలుగా ఉంటాయి. ఒక్కో పొర పక్కన చిన్న కన్ను గుర్తు. కన్ను మూస్తే ఆ పొర బొమ్మలోంచి మాయమవుతుంది, తెరిస్తే తిరిగొస్తుంది. కిందికి కిందికి వెళ్తే సూది బెజ్జం ఉంది. సన్నగా, కోలగా, చక్కగా గీసి ఉంది. దారం అందులోంచి దూరి ఇటు రావడం కూడా ఉంది. ఆ పొర పక్కన కన్ను మూసి ఉంది.

"నేనే మూశాను వదినా. ఇంకెవరు మూస్తారు. ఎప్పుడు మూశానో మాత్రం నాకు గుర్తు లేదు."

ఆమె చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని ఎవరిదో చెయ్యిలా చూస్తోంది. నా కోపం ఎటు పోయిందో తెలీదు. పెట్టాలని పెట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. పెట్టినట్టు తనకే తెలీలేదంటే, ఇష్టపడి చేసిన ఒకే ఒక్క పనిలో కూడా ఆమె చెయ్యి ఆమె మాట వినలేదంటే, ఇంక తిట్టేది ఎవరిని. భయమేసింది. ఆమెకైతే ఇంకా ఎక్కువ వేసింది. ఆ పూట భోజనం చేయలేదు.

మర్నాడు పొద్దున్నే ఆకుపచ్చ, తెల్లరంగు డబ్బాలు, సన్నటి కుంచె పట్టుకుని దుకాణానికి వచ్చింది. నిచ్చెన ఎక్కి బెజ్జం గీసి, దారాన్ని అందులోంచి దూర్చింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఇంకొంచెం పైకి గీస్తే బాగుంటుందని నోటి దాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను.

ఆ నెలలోనే బకెట్ల ఆయన కంపెనీకి పాతికేళ్లు నిండిన సందర్భంగా వేసే కేటలాగు పంపాలి. నలభై పేజీలు. బుల్లి దాన్ని చేసింది. ఒక్కో పేజీ తీసి, ఒక్కో పొరా తెరిచి, కళ్లన్నీ తెరిచే ఉన్నాయని సరిచూసుకుంది. దిష్టిచుక్క లేకుండా పంపింది. మొదటి రోజు సందేశం రెండు నిమిషాలే. బాగుంది గానీ ఏదో ఉందన్నాడు. రెండో రోజు అల్లుడికి చూపించానన్నాడు. మూడో రోజు డ్రైవరు, నాలుగో రోజు గోదాము కాపలా ఆయన. ఐదో రోజు సందేశంలో మాటలే లేవు, కాగితాలు తిప్పుతున్న చప్పుడు, మధ్యలో ఒక నిట్టూర్పు. ఆరో రోజు బుల్లిని ఆఫీసుకు రమ్మన్నాడు. ఒక్కదాన్నే వెళ్లనంటే దుకాణం మూసి నేనూ వెళ్లాను.

ఆయన గది నిండా బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి కప్పు దాకా ఉన్నాయి. కొత్త ప్లాస్టిక్ వాసనకు కళ్లు మండాయి. బల్ల మీద కేటలాగు పరిచి ఉంది. చాలా పేజీల్లో చీటీలు గుచ్చాడు. చీటీల మీద ఏమీ రాసి లేదు. అనుమానం వచ్చి గుచ్చడం, ఏమీ దొరక్క వదిలేయడం. ఆరు రోజులు నిద్ర లేనివాడిలా ఉన్నాడు. డ్రైవరు కూడా ఒక మూల నిలబడి ఉన్నాడు, కేటలాగు నిపుణుడి హోదాలో.

"దొరకడం లేదమ్మాయీ. ఎక్కడుందో నువ్వే చెప్పు."

"లేదండీ."

"ప్రతిసారీ ఉంటుందిగా."

"ప్రతిసారీ నేనే పెట్టేదాన్నండీ. మీరు దాన్ని తీసేసి, మిగతాది అలాగే ఉంచుతారని."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. డ్రైవరుకు ముందే అర్థమైంది, కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బకెట్ల ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి లేకుండా ఆయన మొహం వయసుకు మించి ముసలిదిగా కనిపించింది.

"అన్నీనా?"

"మొదటిది తప్ప. కాళ్లు పైకి ఉన్న స్టూలు. అది నిజంగా పొరపాటే."

"స్టూలు నేనే పట్టుకున్నా," అన్నాడు ఆయన, డ్రైవరు వైపు చూసి.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలేసింది. పదేళ్లుగా తన కళ్లను చూసుకుని మురిసిన మనిషికి చివరికి ఒక స్టూలు మిగిలింది. ఇంక ఈయన మారతాడేమో, వదిలేయమని నేను తొందరపెట్టి తప్పు చేశానేమో అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కేటలాగును బుల్లి వైపు జరిపాడు.

"సరే, అయిందేదో అయింది. ఇందులో కూడా ఒకటి పెట్టమ్మాయీ. ఎక్కడ పెట్టావో నాకు చెప్పొద్దు. నేను పట్టుకుంటా. ఆ తర్వాత ప్రింటుకు పంపేద్దాం. ఏదీ లేకుండా ఒప్పుకోవాలంటే నాకు ధైర్యం చాలడం లేదు. అలవాటైపోయింది."

నా జాలి అక్కడికక్కడే ఆవిరైంది. బుల్లి మాత్రం ఆయన చెప్పింది పూర్తిగా అర్థమైనట్టు తల ఊపింది.

"నాకూ అలవాటైపోయిందండీ. మా వదిన దుకాణం బోర్డు మీద సూదికి బెజ్జం లేకుండా పెట్టాను. పెట్టినట్టు నాకే తెలీలేదు. అందుకని ఇంక మీ పని చేయను."

"సూదికి బెజ్జం లేకపోతే ఏమైంది? బొమ్మే కదా," అన్నాడు ఆయన.

దేన్నీ తప్పించుకోనివ్వని కళ్లు అవి. బుల్లి నా వైపు చూసింది. వదలాలా వద్దా అని పదకొండేళ్లుగా ఆమెకు తేలనిది ఆ ఒక్క మాటతో తేలిపోయింది. సంచిలోంచి కంప్యూటరు ఫైళ్లు దాచుకునే చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ల కేటలాగులు, పెట్టెలు, కేలండర్లు, అన్నీ అందులో ఏడాది వారీగా సర్ది ఉన్నాయని, ఎవరు కొత్తగా వచ్చినా సులువుగా అందుకోవచ్చని చెప్పింది. పాతికేళ్ల కేటలాగు ఇలాగే ప్రింటుకు పంపొచ్చంది. ఒక్కటే కోరింది. తను తప్పులు చేస్తుందని ఇకపై ఎవరికీ చెప్పొద్దంది. చెప్పనని ఆయన వెంటనే మాటిచ్చాడు. చెబితే ఎవరి పరువు పోతుందో ఆయనకూ తెలుసు. మేం మెట్లు దిగుతుంటే బుల్లి నా భుజం పట్టుకుంది. నాకన్నా జానెడు ఎత్తు మనిషి, అంత బరువూ నా మీదే వేసి దిగింది.

ఆ తర్వాత ఏదో అద్భుతం జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరగలేదు. బుల్లి ఫ్లాస్కుల ఆవిడ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, టీ ఇచ్చి, పని మాత్రం వేరేవాళ్లకు ఇచ్చేశామని పంపించింది. మూడు నెలలు చేతిలో పని సగమే ఉంది. మా ఆయన తన చెల్లెలు తొందరపడిందని రోజుకొకసారి అనేవారు. మీరు పదకొండేళ్లు ఆలస్యం చేయించారు, అది సర్దుకోవడానికి కొంచెం తొందర కావాలి మరి అన్నాను. పొద్దున్న టీ వేళ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మొదటి వారం మా ముగ్గురికీ ఏం మాట్లాడుకోవాలో కూడా తెలీలేదు.

బుల్లి ఉన్న పని చేస్తూనే ఉంది గానీ, ఏది పూర్తయినా నాకు చూపించి, ఎక్కడైనా ఏమైనా ఉందేమో చూడు వదినా అనేది. తన చెయ్యి మీద తనకు నమ్మకం లేదు. అది చూడటం నాకు బకెట్ల ఆయన గొంతు వినడం కన్నా కష్టంగా ఉండేది.

ఒకరోజు నా దుకాణానికి చిన్న కార్డులు చేయమన్నాను. జేబులో పట్టేవి. అదే ఆకుపచ్చ, అదే సూది, వెనక వైపు ఫోను నంబరు. రెండు రోజుల్లో చేసి, అచ్చు తీసి, దుకాణానికి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంతకు ముందైతే ఒక్క చూపుతో ఒప్పుకునేదాన్ని. ఈసారి కార్డును వెలుతురుకు పెట్టి చూశాను. సూదికి బెజ్జం ఉంది. దారం అందులోంచే దూరింది. తిప్పి చూశాను, మళ్లీ ముందుకు తిప్పాను. అలా ఎంతసేపు వెతికానో తెలీదు. తల ఎత్తితే బుల్లి నన్నే చూస్తోంది. ఆ ఆరు రోజులు బకెట్ల ఆయన ఎలా వెతికాడో నేనూ అలాగే వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. కార్డు కింద పెట్టి, బాగుంది, పంపేయ్ అన్నాను. అనేసి, అలవాటుగా నా నంబరు ఒకసారి పైకి చదువుకున్నాను. చివరి రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి.

చెబితే మళ్లీ మొదలైందనుకుంటుందేమో, ఇంక కుంచె పట్టదేమోనని నా భయం. చివరికి వేలితో చూపించాను. ఆమె కార్డు లాక్కుని చూసింది. మొహం తెల్లబోయింది. తర్వాత మెల్లగా రంగు వచ్చింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మిషను మీద తల పెట్టుకుని నవ్వింది.

"ఇది నేను పెట్టింది కాదు వదినా. నేను పెడితే ఇంత చవకగా ఉండదు. టైపు చేసేటప్పుడు చూసుకోలేదంతే. పదేళ్ల తర్వాత ఇది నా సొంత తప్పు."

నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, నాకు దగ్గరలో ఉన్నది ఎవరిదో ప్యాంటు కనుక దాంతోనే. సాయంత్రం ఆమె అంకెలు సరిచేసి మళ్లీ తెచ్చింది. నేను నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకున్నాను. మిగతాది చూడలేదు. ప్రెస్సుకు ఇచ్చేయమన్నాను.